ఓమ్ని డైనమో ఇంటి దగ్గర మార్చుకోవచ్చా? ఏడిపించేది కింది బోల్టే

ప్రశ్న: గుంటూరులో ఓమ్ని వ్యాను. నడుస్తుండగా బ్యాటరీ గుర్తు లైటు వెలుగుతోంది. కొత్త బ్యాటరీ వేసినా మూడు రోజులకే దిగిపోయింది. డైనమో పోయిందని, చెయ్యి పట్టదు కాబట్టి ఇంజను దించాలని అంటున్నారు. మనమే మార్చుకోగలమా?

జవాబు: మార్చుకోవచ్చండి. ఇంజను దించక్కర్లేదు. ముందు సీట్లు లేపి పైనుంచి కొంత, కింద పడుకుని కొంత చేస్తే అయిపోతుంది. కింది బోల్టు సహకరిస్తే ఒక పూట పని, మొండికేస్తే రోజంతా.

విప్పేముందు అసలు డైనమోయే (ఇంజను బెల్టుతో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) పోయిందా అన్నది తేల్చుకోండి. మామూలు మల్టీమీటరు చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర చూపాలి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కాస్త తొక్కి రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. స్టార్ట్ చేశాక కూడా 12.4 దగ్గరే నిలబడి మెల్లగా దిగుతుంటే ఛార్జింగ్ లేనట్టు. 15 దాటిపోతే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, అలా వదిలేస్తే బ్యాటరీ నీళ్లు ఉడికి ఆరిపోతాయి.

ఛార్జింగ్ లేనంత మాత్రాన డైనమో మీద నేరం మోపకండి. ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి, మీటరు ఎర్ర వైరు డైనమో వెనక లావు వైరు బిగించే స్టడ్ మీద, నల్లది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటితే లోపం డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే దారిలో ఉంది. మాడిన ఫ్యూజో, తుప్పు పట్టిన లగ్గో (వైరు చివరి బిళ్ల), వదులైన నట్టో వెతకండి. డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 దాటితే ఎర్త్ సరిగా లేదు. ఈ రెండూ బాగుండి, బెల్టు బిగువుగా ఉండి, కప్లర్ (సన్న వైర్ల ప్లగ్గు) గట్టిగా కూర్చుని ఉండి కూడా ఛార్జింగ్ రాకపోతే అప్పుడు డైనమోయే. మీటర్ పెట్టేటప్పుడు చొక్కా చేతులు, వైర్లు బెల్టుకు దూరంగా ఉంచండి.

కొందరు మెకానిక్కులు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి 'బండి ఆగలేదు, డైనమో బానే ఉంది' అంటారు. అది చేయనివ్వకండి. లోడు ఒక్కసారిగా తెగితే వోల్టేజి ఎగదన్ని డైనమోలోని డయోడ్లు, ఇంజెక్షన్ బండి అయితే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) కూడా పోవచ్చు. బాగున్న డైనమోను చంపే పరీక్ష అది.

ఇక విప్పడం. ఇంజను పూర్తిగా చల్లారాలి. మొదట బ్యాటరీ మైనస్ తీసేయండి. డైనమో మీది లావు వైరు నేరుగా బ్యాటరీకే పోతుంది, తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. పానా అటు స్టడ్‌కీ ఇటు బాడీకీ తగిలిందంటే నిప్పులే. గ్యాస్ కిట్ ఉంటే సిలిండర్ వాల్వు కట్టేయండి. వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి కిందికి దూరొద్దు. ఇటుకలు అసలే వద్దు, బరువుకు పగిలిపోతాయి.

పైన అడ్జస్టింగ్ బోల్టుకు సాధారణంగా 12 పానా, కింద పొడుగు బోల్టుకు 14. ఆ పొడుగు బోల్టు మట్టీ తుప్పూ పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. రింగు పానానే వాడండి, ముందు కాస్త బిగించి తర్వాత వదులు చేయండి. ఓపెన్ పానాతో తల అరిగితే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. బోల్టు సగం వచ్చి ఛాసిస్‌కు తగిలి ఆగితే రెండు దారులు: బ్రాకెట్‌ను ఇంజను నుంచి విప్పి డైనమోతో కలిపి దించడం, లేదా సంపు (ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టి) కింద చెక్క వేసి జాకీతో మోస్తూ, ఆ పక్క మౌంటింగ్ బోల్టు వదులు చేసి ఇంజనును కొద్దిగా లేపడం. నేనైతే మొదటిదే చెప్తాను. లేపాల్సివస్తే హోస్ పైపులు సాగకుండా చూసుకుంటూ ఉండండి.

పాతది బయటికి వచ్చాక కొత్తది కొనే తొందర వద్దు. కార్బన్లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగినా, బేరింగ్ గోల చేస్తున్నా, రెగ్యులేటర్ పోయినా విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఆ ముక్క ఒక్కటే మార్పించొచ్చు. వైండింగ్ మాడిన వాసన వస్తే మాత్రం మార్చడమే మేలు. పాతదాన్ని వెంట తీసుకెళ్లి, బోల్టు దూరే చెవుల మధ్య దూరం, పుల్లీ, కప్లర్ పిన్నులు, ఆంపియర్లు పక్కపక్కన పెట్టి పోల్చండి. సెకండ్ హ్యాండ్ అయితే గాలి కంతల్లోకి టార్చి వేసి చూడండి. ఎండిన ఒండ్రు కనిపిస్తే వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో నానిన బళ్లు ఎన్నో. అలా నానిన డైనమో బేరింగ్ ఎక్కువ కాలం ఉండదు.

బిగించేటప్పుడు కొత్తది బ్రాకెట్‌లో దూరడం లేదని సుత్తి తీసుకుంటారు చాలామంది. వెనక చెవిలో చిన్న ఇనప బుష్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది జరిగి బ్రాకెట్‌ను పట్టేలా దాన్ని పెడతారు. కొత్తదానిలో అది లోపలికి పొడుచుకొచ్చి ఉంటే దూరదు. వైసులో పట్టి, ఒక పక్క సాకెట్ పెట్టి, బుష్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి నొక్కితే సుళువుగా కూర్చుంటుంది. సుత్తితో కొడితే అల్యూమినియం చెవి చిట్లుతుంది.

బెల్టు పక్కలు పగిలితే ఇప్పుడే మార్చేయండి. పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే వాటర్ పంపు బేరింగ్ పోతుంది, వదులుగా ఉంటే కీచుమంటుంది. లావు వైరు నట్టు గట్టిగా ఉండాలి, అలాగని స్టడ్ తెగేలా తిప్పొద్దు. రబ్బరు టోపీ మర్చిపోవద్దు.

దిగిపోయిన బ్యాటరీని ఛార్జర్ మీద నింపాకే బండి తీయండి. ఖాళీ బ్యాటరీని నింపే పని కొత్త డైనమోకు అప్పజెప్పితే మొదటి రోజే కాగిపోతుంది. 300 కిలోమీటర్లు తిరిగాక కొత్త బెల్టు సాగుతుంది, ఇంకోసారి బిగించండి.