జాంగో సైట్ ఫోన్‌లో తెరుచుకోకపోతే

జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనం) చేసిన సైట్ ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో మాత్రం తెరుచుకోవట్లేదా? టెన్షన్ పడకండి, ఇది మీ కోడ్‌లో తప్పు కాదు.

సైట్‌ను పరీక్షించుకోవడానికి జాంగో ఇచ్చే రన్‌సర్వర్ (runserver) కమాండ్ మామూలుగా 127.0.0.1 మీదే నడుస్తుంది. ఆ అడ్రస్‌కు ఏ పరికరంలో కొడితే ఆ పరికరమే అని అర్థం. ఫోన్‌లో కొడితే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది. అందుకే సర్వర్ ఆపి, రన్‌సర్వర్ పక్కన 0.0.0.0:8000 అని చేర్చి మళ్లీ నడపండి. ఈ 0.0.0.0 అంటే వేరే పరికరాల నుంచి కూడా రానివ్వమని సర్వర్‌కు చెప్పడమే, బ్రౌజర్‌లో కొట్టేది కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ ఇస్తే వైఫై కింద ఐపీవీ4 (IPv4) అడ్రస్, అంటే మీ వైఫైలో ల్యాప్‌టాప్ అడ్రస్, కనిపిస్తుంది. అది 192.168.1.5 అనుకుంటే ఫోన్‌లో 192.168.1.5:8000 కొట్టండి. అడ్రస్‌కు ముందు https:// పెట్టకండి, ఉత్త http:// చాలు.

ఇప్పుడు డిస్‌అలౌడ్ హోస్ట్ (DisallowedHost) అని ఎర్రర్ వస్తే సంతోషించండి, ఫోన్ సర్వర్ దాకా చేరినట్టే! జాంగో సెట్టింగ్స్ ఫైల్‌లో అలౌడ్ హోస్ట్స్ (ALLOWED_HOSTS) జాబితాకు ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చేర్చండి. ఏమీ రాకుండా తిరుగుతూనే ఉంటే చాలావరకు బయటి కనెక్షన్లను అడ్డుకునే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ పనే. దయచేసి దాన్ని పూర్తిగా ఆఫ్ చేయకండి. విండోస్‌లో మీ ఇంటి వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా మార్చి, ఫైర్‌వాల్‌లో పైథాన్‌కు అనుమతి ఇవ్వండి. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో కూడా చూడండి, అది సాధారణంగా ఇంట్లోని మిగతా పరికరాలను చేరనివ్వదు.

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి ఇంట్లోని పరికరానికి దారి తెరిచే సెట్టింగ్) జోలికి మాత్రం వెళ్లకండి. ఇంట్లో వాడుకోవడానికి దాని అవసరమే లేదు.