జీతం తక్కువైతే ఆయుష్షూ తక్కువేనా?

ప్రశ్న: నా వయసు 44. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ గార్డుని. 12 గంటల డ్యూటీ. రోజుకు ఒక కట్ట బీడీలు అవుతాయి, లేవగానే ఒకటి పడాలి. మా బస్తీలో 50 దాటకముందే గుండెపోటుతో పోయినవాళ్లు చాలామంది. నేను కాపలా కాసేచోట 75 ఏళ్లవాళ్లు రోజూ వాకింగ్ చేస్తారు. ఇది అలవాట్ల తేడానా, డబ్బు తేడానా? బీడీ మానేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు

జవాబు: రెండూ ఉన్నాయి. లండన్‌లో వైట్‌హాల్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. పై హోదావాళ్లతో పోలిస్తే అట్టడుగు హోదావాళ్లలో మరణాల రేటు సుమారు 1.6 రెట్లు. పొగ, మద్యం, తిండి, వ్యాయామం ఈ నాలుగింటినీ మొదట్లో ఒక్కసారి అడిగి లెక్కకడితే తేడాలో 42 శాతం వాటివల్లే అని తేలింది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అడిగి చూస్తే అది 72 శాతం. అన్నిటికంటే ఎక్కువ వాటా పొగదే.

కానీ ఫ్రాన్స్‌లో కరెంటు, గ్యాస్ సంస్థ ఉద్యోగుల మీద ఇదే లెక్క వేస్తే 19 శాతమే వచ్చింది. అక్కడ పై ఉద్యోగికీ కింది ఉద్యోగికీ అలవాట్లలో అంత తేడా లేదు, చావుల్లో తేడా మాత్రం ఉంది. అందుకే పేదవాడి చావుకు అతని అలవాట్లే కారణమని తేల్చేయడం అన్యాయం. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి బీడీ, ఆకలికి టీ, బజ్జీ: ఇవి ఉద్యోగం అంటగట్టిన అలవాట్లు. మన దేశంలో గుండెపోటు రోగులను గమనించినప్పుడు, 30 రోజుల్లో పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం చనిపోయారు. అందిన చికిత్సలో తేడాను లెక్కలోంచి తీసేస్తే ఆ అంతరం దాదాపు పోయింది.

ఇక మీ సంగతి. ముందు బీడీ. ఆకులో చుట్టింది కదా, సిగరెట్‌కన్నా నయం అనుకుంటారు. కాదు. తగ్గిస్తూ పోవడం కాకుండా ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపండి. లేచిన అరగంటలోపే తాగుతున్నారు కాబట్టి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ (బీడీ కోసం నోరు లాగడాన్ని తగ్గించే, నమిలే మందు) అవసరం కావచ్చు, డాక్టర్‌ని అడిగి వాడండి. చాలామంది దాన్ని చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి ఊట మింగుతారు. ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి రెండో రోజే వదిలేస్తారు. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి. చురుకు తగ్గితే మళ్లీ నమలాలి. ఒక్కోటి అరగంట. దానికి 15 నిమిషాల ముందు టీ తాగితే మందు సరిగా ఎక్కదు. 1800-11-2356కి ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సాయం చేస్తారు. మానేసిన ఏడాదికి పొగవల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి దిగుతుంది.

అంతటితో సరిపోదు. బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. బీపీ వేర్వేరు రోజుల్లో 140/90 దాటుతుంటే డాక్టర్ మాత్ర మొదలుపెడతారు. బాగున్నానని దాన్ని ఆపేయకండి, బీపీకి నొప్పి ఉండదు. నిల్వ పచ్చడి తగ్గించండి, రోజంతా కలిపి ఉప్పు ఒక టీస్పూన్ దాటకూడదు. డ్యూటీలోనే గంటకోసారి లేచి ఆవరణ చుట్టూ గబగబా నడవండి.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగడం కనిపిస్తే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది. గుండె విభాగం ఉండి ఆరోగ్యశ్రీ వర్తించే దగ్గరి ఆసుపత్రి ఏదో ఈ వారమే కనుక్కుని, కాగితం మీద రాసి జేబులో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టండి.