మంచి మిషనా, ఓవర్‌లాకా?

ప్రశ్న: నా కుట్టుమిషన్ పాతది. సాదాకుట్టు, జిగ్‌జాగ్ మాత్రమే వస్తాయి. పిల్లల గౌన్లు, టీషర్టులు కుడుతుంటాను. నాలుగు ఉతుకులకే లోపలి అంచుల పోగులు లేచిపోతున్నాయి. బనియన్ గుడ్డ మీద కుట్లు తప్పుతున్నాయి. ఒక్కటే కొనగలను. మెరుగైన మిషన్ తీసుకోవాలా, ఓవర్‌లాకా (అంచు కోసి పోగులు కట్టే మిషన్)?

జవాబు: కుట్లు తప్పుతున్నాయని మిషన్‌ని తిట్టుకునే ముందు సూది మార్చి చూడండి. మామూలు సూది పైకి లేచేటప్పుడు బనియన్ గుడ్డ దాన్ని అంటుకుని తానూ లేస్తుంది. అప్పుడు సూది వెనక దారం ఉంగరంలా విచ్చుకోదు, షటిల్ కొక్కేనికి దొరకదు. అక్కడ ఒక కుట్టు ఎగిరిపోతుంది. 75/11 సైజు స్ట్రెచ్ సూది (సాగే గుడ్డలకి వాడేది) వేసి, జిగ్‌జాగ్ వెడల్పు 0.5 నుంచి 1 మి.మీ., కుట్టు పొడవు 2.5 మి.మీ. పెట్టండి. చాలాసార్లు కొత్త మిషన్ ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

తర్వాత మిషన్‌కి చిన్న పరీక్ష. లేతరంగు నూలుగుడ్డ రెండు పొరలు తీసుకోండి. పైన ఎర్రదారం, బాబిన్‌లో అదే మందం నీలిదారం వేసి ఓ 30 సెం.మీ. కుట్టండి. పైవైపు నీలిచుక్కలు తేలితే పై టెన్షన్ బిగువు ఎక్కువ. అడుగున ఎర్రచుక్కలు తేలితే వదులు. సరిచేశాక అదే గుడ్డని ఆరు పొరలుగా మడిచి దానిమీద నడపండి. ఆగకుండా, కుట్టు తప్పకుండా దాటిందంటే మీ మిషన్ బాగున్నట్టే. వందరకాల డిజైన్ కుట్ల కోసం దాన్ని పక్కన పెట్టక్కర్లేదు. వాటిలో చాలావాటి జోలికి ఎవరూ పోరు. అలాంటప్పుడు ఓవర్‌లాకే కొనండి, నాలుగు దారాలది. పక్కకుట్టు వేయడం, అంచు కోయడం, పోగులు కట్టడం ఒక్క నడకలో అయిపోతాయి. టీషర్టుకి అసలు పని అదే.

అయితే అది కాజా తియ్యదు, జిప్పు వెయ్యదు, గుడ్డ మధ్యలో పైకుట్టు వెయ్యదు. కుట్టుమిషన్‌కి తోడే తప్ప బదులు కాదు. మీ మిషన్ పరీక్షలో తప్పినా, కాజాలూ జిప్పులూ ఎక్కువగా వేసేవారైనా ముందు మిషనే మార్చుకోండి. అప్పటిదాకా అంచులకి ఓవర్‌కాస్ట్ ఫుట్ (అంచు పోగులు కట్టేందుకు వాడేది) బిగించి, 5 మి.మీ. వెడల్పు జిగ్‌జాగ్‌తో నడపండి. సూది ఒకసారి గుడ్డలో, ఒకసారి అంచు దాటి బయట పడాలి. మరీ పలచటి గుడ్డ మాత్రం గొట్టంలా ముడుచుకుంటుంది.

ఒక జాగ్రత్త. నాలుగు దారాల కుట్టు దాదాపు 6 మి.మీ. వెడల్పే ఉంటుంది. కుట్టు కోసం 15 మి.మీ. వదిలి కత్తిరించుకున్నారనుకోండి, మిగతా 9 మి.మీ. కత్తి కోసేస్తుంది. ఇక వదులు చేయాలంటే గుడ్డ ఉండదు. పెరిగే పిల్లల గౌన్లకి ముందు ఒక్కో ముక్క అంచునీ విడిగా, కత్తి గుడ్డని తినకుండా ఓవర్‌లాక్ చేసుకుని, ఆ తర్వాత పక్కలు సాదాకుట్టుతో కలపండి. గుండుసూదులు కత్తి దగ్గరికి రాకముందే తీసేయండి. ఒక్కటి తగిలినా కత్తి అంచు విరగొచ్చు.

ప్రశ్న: కొత్త ఓవర్‌లాక్‌లో కింది లూపర్ (అంచున దారం అల్లే కొక్కెం) దారం రెండు మూడు అంగుళాలకే పుటుక్కున తెగుతోంది.

జవాబు: సూదులకి ఎక్కించాక కింది లూపర్‌కి ఎక్కించి ఉంటారు. అలా చేస్తే సూది దారం లూపర్‌కి చుట్టుకుని కింది దారాన్ని పట్టేస్తుంది. రెండు సూదుల దారాలూ తీసేయండి. పై లూపర్, కింది లూపర్, చివర్లో సూదులు, ఇదీ మామూలు వరస. ఫుట్ ఎత్తి ఉంచే ఎక్కించండి. చాలా మిషన్లలో అప్పుడే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు తెరుచుకుంటాయి. రీళ్ల వెనకుండే దారం కడ్డీని పూర్తిగా పైకి లాగారో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: సాగే గుడ్డ అంచు అలలు అలలుగా వస్తోంది.

జవాబు: డిఫరెన్షియల్ ఫీడ్‌ని 1 నుంచి 1.5కి పెంచండి, చాలకపోతే 2 దాకా. గుడ్డని జరిపే ముందు పళ్లు వెనక పళ్లకంటే ఎక్కువ గుడ్డని తోస్తాయి కాబట్టి సాగడం ఆగుతుంది. గుడ్డని చేత్తో లాగకండి. పలచటి పట్టు ముడతలు పడుతుంటే మాత్రం 0.7 వైపు తగ్గించాలి.