తాతల నాటి రాతి ఇంటికి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించవచ్చా? వెనకాల కొట్టం తీసేయాలా?

పరకాల దగ్గర మీ తాతగారి రాతి ఇంట్లో గోడలు చెమ్మ పడుతున్నాయని, మేస్త్రీ సిమెంటు పూసేసి వెనకాల పశువుల కొట్టం కూల్చేద్దామంటున్నాడని రాశారు. దయచేసి రెండూ చేయించకండి. సిమెంటు పూయించి మేం ఒక గోడ పోగొట్టుకున్నాం.

మాదీ హనుమకొండ అవతల అలాంటి ఇల్లే. రెండడుగుల గోడలు, ఊరి గుట్ట రాయి, మధ్యలో మట్టి అడుసు, పైన గూన పెంక. 2019లో లోపలా బయటా సిమెంటు చేయించాం. రెండేళ్లు అద్దంలా ఉంది. ఆ తర్వాత మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగింది, తడితే డొల్ల శబ్దం. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది కదా, ఆ వారం మా ఊళ్లోనూ ఎడతెరిపి లేదు. కోతులు పగలగొట్టిన గూన సందుల్లోంచి నీళ్లు గోడ నెత్తిన దిగాయి. బయటికి పోదామంటే సిమెంటు అడ్డం. లోపలి మట్టి నాని పడమటి గోడకు పొట్ట వచ్చింది. ఆ రాత్రి అమ్మను పక్కింట్లో పడుకోబెట్టి, దూలం కింద జామాయిల్ కర్రలు పోటు పెట్టాం. ఆ టెన్షన్ మీకు వద్దు.

మన గుట్టల గ్రానైటు నీళ్లు పెద్దగా తాగదు. తాగేదీ, ఎండకు వదిలేదీ రాళ్ల మధ్య అడుసే. దాని ముఖం మూస్తే తడి లోపలే ఉండిపోతుంది. గోడ విప్పినప్పుడు కళ్లారా చూశాను: అటూ ఇటూ రెండు వరసల రాళ్లు, నడుమ చిన్న రాళ్లూ మట్టీ, అక్కడక్కడా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టిన ఒక పొడుగు రాయి. పొట్ట వచ్చిన చోట ఆ రాయి లేదు. మేమే ఎప్పుడో కిటికీ కోసం తీయించాం.

రాళ్లకు సుద్దతో నంబర్లు వేసి, అవే రాళ్లతో మళ్లీ కట్టించాం. గుళ్ల మరమ్మతులు చేసిన ఒక పెద్దాయన దొరికాడు. సందులకు నెల రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. వారం పాటు తడి గోనెసంచులు కప్పాం. సున్నం తొందరగా ఎండితే పొడి రాలుతుంది.

మీరు మాత్రం గోడతో మొదలుపెట్టకండి. ముందు గూన సవరించండి. తర్వాత నేల చూడండి. మా దగ్గర సీసీ రోడ్డు వేసి వేసి ఇంటి గడప కంటే ఎత్తయింది, వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే. పునాది కదలకుండా కొంచెం ఎడంగా అడుగు లోతు కాలువ తీసి, వాలు పెట్టి కంకర పోశాం. చెమ్మ ఎక్కువ భాగం దాంతోనే తగ్గింది.

ఇక కొట్టం. మాకూ ఒకటుంది, నాకు ఇంటి కన్నా అదే ఇష్టం. మొగురాలను, అంటే కప్పు మోసే కర్ర స్తంభాలను, నేలలో పాతలేదు, రాతి దిమ్మెల మీద నిలబెట్టారు. చెదలు ఎక్కితే వెంటనే కనబడుతుంది. కింద బండలు పెంటకుప్ప వైపు వాలుగా పరిచారు. గోడలో ఎడ్లను కట్టే చిల్లి రాళ్లున్నాయి. చిల్లి అంచు తలుగు తాడు రాసుకుని రాసుకుని ఎంత నున్నగా అయిందంటే, వేలు పెడితే గాజు తగిలినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎడ్లు లేవు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే దాకా మిర్చి బస్తాలు అందులోనే పెడతాం. గోడ పైన వదిలిన గాలి సందుల వల్ల ఒక్క బస్తాకు బూజు పట్టలేదు.

మీ గోడకు ఎక్కడైనా పొట్ట ఉంటే, దాని మీద దూలం ఆనుతోందేమో ఈ రోజే చూడండి. ఆనుతుంటే ముందు పోటు పెట్టించి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. ఫోటోలు పెడితే చూసి చెబుతాను.