బ్రూనో ఆపరేషన్ అప్పు: ఎఫ్‌డీ రద్దు చేయాలా, చీటీ పాడాలా?

ప్రశ్న: మాది విజయవాడ. భార్యాభర్తలిద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరి జీతం కలిపి చేతికి 82,000 వస్తుంది. ఇంటి ఖర్చు 58,000, చీటీ 10,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే పెట్టుబడి) 6,000 పోగా 8,000 మిగులుతుంది. మా ఆరేళ్ల డాష్‌హండ్ జాతి కుక్క బ్రూనోకి వెన్నులో డిస్క్ జారి వెనక కాళ్లు పడిపోయాయి. హైదరాబాద్‌లో స్కానింగు, ఆపరేషను కలిపి 1,60,000 అయింది. చేతిలో ఉన్న 50,000 కట్టి, మిగతా 1,10,000 క్రెడిట్ కార్డు మీద గీకాం. ఇంటికి తెచ్చి ఐదు రోజులైంది. వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే దానికి నొప్పి తెలుస్తోంది గానీ మూత్రం తనంతట తాను పోయడం లేదు. రెండేళ్ల ఎఫ్‌డీ 2,50,000 ఉంది, వడ్డీ 7 శాతం, 14 నెలలు గడిచాయి. 2 లక్షల చీటీ 20 నెలలది, 9 వాయిదాలు కట్టాం. కార్డు బిల్లు ఎలా తీర్చాలి? ఇకముందు ఇంట్లో ఎంత ఖర్చవుతుంది?

జవాబు: ముందు కార్డు సంగతి తేల్చండి, దానికి గడువు తేదీ ఉంది. ఆ తేదీలోపు మొత్తం కట్టేస్తే వడ్డీ పైసా పడదు. ‘మినిమమ్ డ్యూ’ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కట్టి నెట్టుకొద్దామనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. నెలకు 3.5 శాతం చొప్పున 1,10,000 మీద వడ్డీ 3,850, దాని మీద 18 శాతం జీఎస్టీ 693, వెరసి 4,543. మినిమమ్ 5 శాతం అంటే 5,500. అంటే నెలంతా కట్టి అసలులో వెయ్యి కూడా తగ్గించుకోలేరు. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం ఆ కార్డుతో కొన్న ప్రతి మందుకీ, ప్రతి ప్యాడ్‌కీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ సున్నా అయ్యేదాకా ఆ కార్డు బయటకు తీయకండి.

ఎఫ్‌డీ రద్దు చేయొద్దు. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఒక పరిమితి దాకా కావలసినంత వాడుకుని, వాడినదానికే వడ్డీ కట్టే అప్పు) తీసుకుని కార్డు బిల్లు కట్టేయండి. చాలా బ్యాంకులు డిపాజిట్‌లో 90 శాతం దాకా, ఎఫ్‌డీ వడ్డీ కంటే 1 నుంచి 2 శాతం ఎక్కువకు ఇస్తాయి. 8 శాతమనుకుంటే 1,10,000 మీద నెల వడ్డీ సుమారు 733. అటు ఎఫ్‌డీ మీద 7 శాతం వస్తూనే ఉంటుంది. రద్దు చేస్తే మాత్రం మీరు డిపాజిట్ వేసిన రోజున 14 నెలల కాలానికి ఉన్న రేటు కట్టి, అందులోంచి పెనాల్టీ కోస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్ మేలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2,25,000 లిమిట్‌లో మీరు వాడేది 1,10,000 మాత్రమే. మిగిలిన 1,15,000 వాడనంతవరకు వడ్డీ లేకుండా ఆపద సొమ్ముగా ఉంటుంది. ఈ రోగానికి అలాంటి సొమ్ము ఎందుకు కావాలో కింద చెబుతాను.

చీటీ పాడొద్దు. 20 శాతం తగ్గించి పాడితే 40,000 పోయినట్టే, మిగతా 11 వాయిదాలు మాత్రం తప్పవు. సిప్‌ని పది నెలలు ఆపేయండి. అప్పుడు నెలకు 14,000 చేతిలో ఉంటుంది.

ఇంట్లో బ్రూనో మీద అయ్యే ఖర్చుకు నా అంచనా మొదటి నెల 15,000, రెండో నెల 8,000, మూడో నెల 5,000. మొత్తం 28,000. మొదటి నెల పద్దు: ప్యాడ్‌లకు 3,000 (రోజుకు నాలుగు, ఒక్కోటి 25 రూపాయల లెక్కన), మందులకు 2,500, డాక్టర్ దగ్గరకు రెండుసార్లు వెళ్లిరావడానికి 2,000, ఫిజియోథెరపీ మూడు సిట్టింగులకు 3,000, సెకండ్ హ్యాండ్ కేజ్‌కి 2,500, నేల మీద పరిచే మ్యాట్‌లకూ హార్నెస్‌కూ (మెడకు బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టీ) 2,000. మీ దగ్గర ధరలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

ఈ పద్దులో కనిపించనిది మీ సమయం. అసలు ఖర్చు అక్కడే ఉంది. మూత్రం తనంతట పోయని కుక్కకు ఆరేడు గంటలకోసారి మూత్రసంచి నొక్కి ఖాళీ చేయించాలి. ఉదయం 6, మధ్యాహ్నం 1, సాయంత్రం 7, రాత్రి 11:30 అనుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఇంట్లో ఎవరుంటారన్నదే ప్రశ్న. కాంపౌండర్‌ని పిలిస్తే, రోజుకు 300 అడిగినా నెలకు 9,000. అంతకంటే మొదటి రెండు వారాలు మీలో ఒకరు ఇంటి నుంచి పని అడగండి, లేదా సెలవులు వాడండి. డబ్బు మిగుల్చుకోవడానికి ఇంతకు మించిన దారి మీ జాబితాలో లేదు.

నొక్కే పద్ధతి వీడియో చూసి నేర్చుకునేది కాదు, డాక్టర్ మీ చేతుల మీద తన చేతులు వేసి చూపించాలి. కుక్కను నిలబెట్టి లేదా పక్కకు పడుకోబెట్టి, రెండు అరచేతులూ పొట్టకు అటూ ఇటూ వెనక తొడల ముందు ఆనించండి. గుండ్రటి సంచి చేతికి తగలగానే నెమ్మదిగా, ఆగకుండా ఒత్తిడి పెంచుతూ తోకవైపుకు నొక్కాలి. కుదుపుగా నొక్కకూడదు. ఎంత నొక్కినా రాకపోతే బలం పెంచొద్దు. మూత్రమార్గపు కండరం బిగుసుకుని ఉందని అర్థం. దాన్ని సడలించే మందుంది, డాక్టర్‌ని అడగండి.

చాలామంది మోసపోయేది ఒక్కచోటే. పక్క తడిసి ఉంటే ‘అమ్మయ్య, పోసేసింది’ అని నొక్కడం మానేస్తారు. సంచి నిండిపోయి పొంగి కారినా పక్క అలాగే తడుస్తుంది. లోపల సాగిన కండరం దెబ్బతింటుంది, నిలవ ఉన్న మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. మూత్రం కంపు కొట్టినా, మబ్బుగా ఉన్నా, ఎరుపు కనిపించినా ఆ రోజే పరీక్షకు ఇవ్వండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, కుట్లు విప్పడం, మూత్ర పరీక్ష లాంటివి అక్కడ అడగొచ్చు. ఆపరేషన్ కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్‌ని అశ్రద్ధ చేస్తే పరీక్షలకూ యాంటీబయాటిక్‌లకూ వేలల్లో అవుతుంది, కోలుకోవడమూ ఆలస్యమవుతుంది.

ప్యాడ్‌ల ఖర్చు తగ్గించాలంటే ఒక ఉపాయముంది. బాలింతల పక్క కింద వేసే రబ్బరు షీటు మెడికల్ షాపులో దొరుకుతుంది. మెత్తని పరుపు మీద దాన్ని పరిచి, ఆపైన పాత నూలు చీరల మడతలు వేసి తడిసినప్పుడల్లా మార్చండి. రాత్రికి మాత్రం ప్యాడ్ వాడండి. చర్మం ఎర్రబడితే జింక్ ఆక్సైడ్ ఉన్న డైపర్ క్రీములు రాయొద్దు, నాకితే ప్రమాదం. కదలలేని కుక్కను మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకుంటే తుంటి ఎముక దగ్గర పుండు పడుతుంది.

కేజ్ చిన్నదే మంచిది. లేచి నిలబడటానికి, తిరగడానికి, కాళ్లు చాపుకోవడానికి చాలు. సాధారణంగా 4 నుంచి 6 వారాలు అందులోనే ఉంచమంటారు, మీ సర్జన్ చెప్పిన గడువే పాటించండి. మూడో వారంలో కాళ్లు కాస్త ఆడగానే జాలిపడి వదిలేస్తే బ్రూనో సోఫా ఎక్కుతాడు. మరో డిస్క్ జారే ప్రమాదం ఈ జాతికి ఎప్పుడూ ఉంటుంది, రెండో ఆపరేషన్ మరో లక్షన్నర. మన ఇళ్లలో టైల్స్ నున్నగా ఉంటాయి కాబట్టి నడిపించే దారి పొడవునా రబ్బరు మ్యాట్‌లు పరవండి. మెడపట్టీ తీసేసి హార్నెస్ వేయండి. పొట్ట కింద తువ్వాలు చుట్టి వెనక భాగాన్ని పైకి పట్టుకుని నడిపించండి. కేజ్‌లో తిరుగుడు ఉండదు కాబట్టి తిండి ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అడిగి తగ్గించండి, బరువు పెరిగితే వెన్నుకే భారం.

ఫిజియోథెరపీ కోసం ప్రతి వారం హైదరాబాద్ పరుగెత్తొద్దు. ఆ కుదుపు ప్రయాణం వెన్నుకూ పర్సుకూ బరువే. మూడు నాలుగు సిట్టింగుల్లో కాళ్లు ముడిచి చాపించడం నేర్చుకోండి. సర్జన్ సరేనన్నాక ఒక్కో కాలికి 10 నుంచి 15 సార్లు, రోజుకు మూడు పూటలు ఇంట్లోనే చేయొచ్చు.

మందుల్లో పొదుపు పేరుతో ప్రయోగాలు వద్దు. మీ ఇంట్లోని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు వేయకండి. స్టెరాయిడ్ వాడుతుండగా మెలాక్సికామ్ లాంటి నొప్పి మాత్ర కలిపితే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది. నొప్పికి వాడే గాబాపెంటిన్ మందును సిరప్ రూపంలో ఇస్తే అందులో జైలిటాల్ (కుక్కలకు విషమయ్యే తీపి పదార్థం) లేదని చూసుకోండి. ‘నరాల బలానికి’ అంటూ అంటగట్టే టానిక్కుల డబ్బు మిగుల్చుకోండి.

ఆపద సొమ్ము ఎందుకన్నది ఇక్కడ వస్తుంది. హఠాత్తుగా నొప్పితో అరిచినా, నిన్న కదిలిన కాలు ఈరోజు కదలకపోయినా, కుట్ల దగ్గర వాచి చీము పట్టినా, నీరసం పైకి పాకి ముందు కాళ్లు తడబడినా, ఆయాసం వచ్చినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ రాత్రి మీకు ఓవర్‌డ్రాఫ్ట్ పనికొస్తుంది, చీటీ పనికిరాదు.

చక్రాల బండి ఇప్పుడే కొనొద్దు. నొప్పి తెలిసే కుక్కల్లో ఎక్కువ భాగం మళ్లీ నడుస్తాయి. అది తెలియనివాటిలో నడిచేవి దాదాపు సగం. బ్రూనో మొదటి వర్గమే. రెండు మూడు నెలలు చూసి, అప్పటికీ నిలబడకపోతే కొలతలిచ్చి చేయించండి.

ఇప్పుడు పెంపుడు కుక్కల బీమా తీసుకున్నా ఈ వెన్ను సమస్యను ముందే ఉన్న జబ్బుగా తోసేస్తారు. వేరే జబ్బులకైతే తీసుకోండి, వయసు పరిమితి, వెయిటింగ్ పీరియడ్ చదివి. కుక్క వైద్యం ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు.

మూడు నెలల మిగులు 42,000లో 28,000 బ్రూనోకి పోతే 14,000 ఓవర్‌డ్రాఫ్ట్‌కి కట్టొచ్చు. తర్వాత ఏడు నెలలు నెలకు 14,000 చొప్పున 98,000. ఎఫ్‌డీ గడువు తీరేసరికి బాకీ రెండు మూడు వేలు మిగిలితే అందులోంచే సర్దేసి, మరుసటి నెల నుంచి సిప్ మళ్లీ మొదలుపెట్టండి.