‘యూనివర్సిటీ ఇచ్చాకే మీకు’ అంటే బాకీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది బరంపురం. యూనివర్సిటీ క్యాంపస్‌లో కొత్త ఇండోర్ స్టేడియానికి మేపుల్ చెక్క ఫ్లోరింగ్ సబ్ కాంట్రాక్టు తీసుకుని 1,050 చదరపు మీటర్లు వేశాం. చదరపు మీటరు రూ.4,000 చొప్పున రూ.42 లక్షలు, జీఎస్టీ అదనం. 2024 ఫిబ్రవరిలో పని అయింది, రూ.26 లక్షలే ముట్టాయి. విశాఖలోని మెయిన్ కాంట్రాక్టరు తనకింకా డబ్బు రాలేదంటున్నాడు. ఆ ఏడాది వానలకు ఒక మూల 60 చదరపు మీటర్ల మేర పలకల అంచులు లేచాయని కోత కూడా పెడతానంటున్నాడు. వర్క్ ఆర్డరులో ‘యూనివర్సిటీ చెల్లించాకే చెల్లింపు’, ‘వివాదాలు విశాఖ కోర్టులోనే’ అని ఉంది. చిన్న సంస్థలు నమోదయ్యే ‘ఉద్యం’ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదయ్యాం. యూనివర్సిటీ మీదే దావా వేయవచ్చా?

జవాబు: దాదాపు కుదరదు. మీకూ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం లేదు. మీ పని వల్ల వాళ్లు లాభపడ్డారని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద వాదించవచ్చు గానీ, కాంట్రాక్టరుకు ఇచ్చేశామని వాళ్లు బిల్లు చూపిస్తే అది నిలవడం కష్టం. అయితే ఆ బిల్లే మీకు ఆయుధం.

‘వాళ్లిచ్చాకే’ అన్న షరతు చెల్లింపును వాయిదా వేస్తుంది, అప్పును చెరిపేయదు. కాంట్రాక్టరుకు డబ్బు ముట్టిందని తేలితే దాని అడ్డు తొలగిపోతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే సమాచార హక్కు చట్టం కింద ఫ్లోరింగ్ ఐటెం నమోదైన మెజర్‌మెంట్ బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, రన్నింగ్ బిల్లుల (పని సాగుతుండగా పెట్టే బిల్లులు) నంబర్లు, చెల్లించిన తేదీలు అడగండి. ఒడిశాలో ఫారం-ఎ, రూ.10 రుసుము. సంస్థ పేరుతో కాదు, మీ సొంత పేరుతో పెట్టండి, హక్కు పౌరుడిది. గడువు 30 రోజులు. మూడో పక్షం సమాచారమని కాంట్రాక్టరుకు నోటీసిస్తే 40 వరకు పోవచ్చు.

మీ జీఎస్టీ ఇన్‌వాయిస్‌లనూ తిరగేయండి. వాటి మీద కాంట్రాక్టరు ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు చెల్లించనప్పుడు ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. లాయరు నోటీసులో ఈ ఒక్క వాక్యం ఉంటే అవతలి ఆడిటరే ముందు ఉలిక్కిపడతాడు. పూర్తి బిల్లు మీద టీడీఎస్ కోసి ఉంటే మీ పేరున జమైన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. పనిని ఒప్పుకున్నట్టు చూపడానికి అది గట్టి సాక్ష్యం.

అంచులు లేవడానికి తేమే కారణం. ఎటు నుంచి వచ్చిందన్నదే తగాదా. కాంక్రీటు ఆరకుండా పలకలు వేసినా, కింది పాలిథిన్ షీటు అతుకులు సరిగా లేకపోయినా తప్పు మీదే, అలాంటప్పుడు లోపం హాలంతా అక్కడక్కడా కనిపించాలి. ఒక్క మూలకే పరిమితమై, సరిగ్గా పైన రూఫ్ షీటు జాయింటో గట్టరో ఉంటే లీకేజీ అనుమానం బలపడుతుంది. మరమ్మతు పేరుతో పలకలు పీకేయకముందే ఉమ్మడి తనిఖీకి రాతపూర్వకంగా పిలవండి. తేమ మీటరు రీడింగులు, తేదీలున్న ఫొటోలు తీయించండి. హాలు మీకు అప్పగించేటప్పుడు కప్పు పని పూర్తయినట్టు రాసిన కాగితం దొరికితే సగం కేసు గెలిచినట్టే. తప్పు మీదే అని తేలినా, 60 చదరపు మీటర్లకు మీ రేటున రూ.2.40 లక్షలు. దాన్ని చూపించి రూ.16 లక్షలు ఆపడం చెల్లదు.

వసూలుకు ఎంఎస్‌ఎంఈ చట్టం-2006 కింద చిన్న సంస్థల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి. సరఫరాదారు ఉన్నచోటి కౌన్సిల్‌కే అధికారం కాబట్టి, విశాఖ షరతు ఉన్నా ఒడిశా కౌన్సిల్‌లోనే వేయవచ్చు. చెల్లింపు గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కౌన్సిల్ ద్వారా వచ్చిన తీర్పును (అవార్డును) సవాలు చేయాలంటే కాంట్రాక్టరు ముందుగా అందులో 75 శాతం జమ చేయాలి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఉద్యం నమోదు వర్క్ ఆర్డరు తేదీకి ముందుదై ఉండాలి, లేదంటే గట్టి అభ్యంతరం వస్తుంది. రెండోది, సరుకూ పనీ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని బాంబే హైకోర్టు తీర్పులున్నాయి. అవతలివాళ్లు తప్పక ఎత్తుతారు. పలకల ధర, పరిచే కూలి విడివిడిగా చూపిన బిల్లులుంటే దగ్గర పెట్టుకోండి. కౌన్సిల్ దారి మూసుకుపోతే, రూ.3 లక్షలు దాటింది గనుక కమర్షియల్ కోర్టే, అదీ విశాఖలో. అత్యవసర ఉత్తర్వులు కోరనప్పుడు ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి. వర్క్ ఆర్డరులో ఆర్బిట్రేషన్ షరతుందేమో కూడా చదవండి.

సాధారణ కాలపరిమితి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు, అంటే 2027 ఫిబ్రవరి. అంతకుముందే కాంట్రాక్టరు సంతకంతో బాకీ ధ్రువీకరణ తీసుకుంటే ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది.