బ్రాకెట్లో పెట్టిన మాట

బాబూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కథ అందాయి. ఉత్తరం రెండుసార్లు, కథ మూడుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నన్ను 'మాస్టారూ' అని పిలిచావు. నేను ఎప్పుడూ ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాను. రాయడం కోసం బడి మానేస్తానని రాసిన ఉత్తరంలో ఈ మాస్టారు దేనికా అని కాస్త నవ్వొచ్చింది. సరే, పిలిచావు కాబట్టి కాసేపు ఆ కుర్చీలో కూర్చుంటాను.

చాలా ఏళ్లు ప్రెస్‌లో ప్రూఫులు, అంటే అచ్చుతప్పులు, దిద్దినవాణ్ణి. ఆ అలవాటు కొద్దీ నీ ఉత్తరంలో మాటలు లెక్కపెట్టాను. నాలుగు పేజీల్లో 'రచన' పద్దెనిమిది సార్లు వచ్చింది, 'స్వేచ్ఛ' తొమ్మిది సార్లు. ఇప్పుడు ఏం రాస్తున్నావో, ఏది సగంలో ఆగిపోయిందో, ఏ వాక్యం దగ్గర చేతులెత్తేశావో ఒక్కసారీ లేదు. మూడో పేజీ చివర మాత్రం బ్రాకెట్లో ఒక చిన్న ముక్క ఉంది: 'లెక్కల్లో ఈసారి కూడా పోయింది, అది వేరే విషయం' అని. మనిషి బ్రాకెట్లో పెట్టి దాటేసిన మాటే చాలాసార్లు అసలు మాట అవుతుంది. రేపు నీ పాత్రల చేత మాట్లాడించేటప్పుడు ఇది నీకే పనికొస్తుంది.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బడిని భరించలేకపోవడం ఒకటి, రాయకుండా ఉండలేకపోవడం ఇంకొకటి. నీ ఉత్తరంలో ఈ రెండూ కలిసి చిక్కుపడ్డాయి. లెక్కలు రాకపోతే లెక్కలు చెప్పేవాళ్లు కావాలి. బడిలో ఎవరైనా వేధిస్తుంటే, కొడుతుంటే, రాత్రిళ్లు నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే, అది నాకు కాదు, ఈ రోజే ఇంట్లో చెప్పాల్సిన సంగతి. బడి మారొచ్చు. ఒక ఏడాది ఆగి మళ్లీ చేరొచ్చు. ఇంట్లో ఉండి చదువుకుని పరీక్ష రాసే దారి చూసుకోవచ్చు. వీటిలో దేనికీ నువ్వు రచయితవి కావలసిన పని లేదు. బడి నుంచి పారిపోవడానికి సాహిత్యాన్ని సాకుగా వాడుకుంటే, ఆ తర్వాత అది నిన్ను నీ పని చేసుకోనివ్వదు. రోజూ పొద్దున్నే ఎదురుగా నిలబడి 'ఏదీ, నాకోసమే కదా మానేశావు, ఏం రాశావు' అని అడుగుతుంది.

చదువు మానేసిన గొప్పవాళ్ల జాబితా ఒకటి రాశావు. నీ వయసులో నా దగ్గరా ఒకటి ఉండేది. అందులో ఇంగ్లిషు నవలాకారుడు డికెన్స్ ఉన్నాడు. ఆయన బడి మానలేదయ్యా, మాన్పించారు. 1824లో, తండ్రి అప్పులపాలై జైలుకి వెళ్లిన రోజుల్లోనే, పన్నెండేళ్ల పిల్లవాణ్ణి బూట్ల పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకు చీటీలు అంటించే పనిలో పెట్టారు. ఆ అవమానాన్ని ఆయన బతికినన్నాళ్లూ లోకానికి చెప్పుకోలేదు, దగ్గరి స్నేహితుడికి మాత్రం చెప్పాడు. తండ్రి విడుదలయ్యాక మళ్లీ బడికే వెళ్లాడు. పోర్చుగీసు నవలాకారుడు సరమాగో పేరూ రాశావు. ఇంట్లో స్తోమత లేక ఆయన మామూలు బడి వదిలి చేతిపని నేర్పే బడిలో చేరాడు, కార్లు బాగుచేసే మెకానిక్‌గా పనిచేశాడు. పగలు షెడ్డులో పని, రాత్రి లైబ్రరీలో చదువు. మొదటి నవల 1947లో వచ్చింది. లోకం ఆయన పేరు పట్టించుకునేసరికి అరవై ఏళ్లు వచ్చాయి. ఇంగ్లిషు నవలా రచయిత్రి డోరిస్ లెస్సింగ్ పద్నాలుగేళ్లకే బడి వదిలింది, నిజమే. పిల్లల్ని చూసుకునే ఆయాగా, టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. మొదటి నవల అచ్చయ్యేసరికి ముప్ఫై ఏళ్లు. బడి మానేసిన మర్నాటి నుంచి ముప్ఫై ఏళ్ల వరకూ ఆమె ఏం చేసిందన్నది నీ జాబితాలో లేదు. ఉండాల్సింది అదే.

ఇక ఫ్రెంచి కవి రాంబో. పదహారేళ్లకే కవి కదా అన్నావు. ఆ కుర్రాడు బడిలో మొద్దు కాదు, లాటిన్ పద్యాలు రాసి బహుమతులు కొట్టేసిన మొదటిరకం విద్యార్థి. 1870లో బడికి కొత్తగా వచ్చిన ఇజాంబార్ అనే కుర్ర పంతులు తన పుస్తకాలన్నీ ఇచ్చి చదివించాడు. అదే ఏడాది యుద్ధం వచ్చి బడి మూతపడింది. ఇరవై ఒకటి నిండేలోపే అతను కవిత్వం కూడా వదిలేశాడు. ఆ కథ నీకు ధైర్యం ఎలా ఇచ్చిందో నాకు అంతుపట్టలేదు.

వాళ్ల సంగతి అటుంచు. నా సంగతి చెప్తాను, ఇది ఎక్కడా అచ్చు కాలేదు. నేను పదిహేడో ఏట చదువు మానేశాను. చివరి పరీక్షలకి నాలుగు నెలలుంది. ఇంట్లో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. అమ్మ ఒక్క మాటా అనలేదు. కిటికీ పక్కకి నా బల్ల జరిపి, దాని మీద గుడ్డ పెట్టి తుడిచి వెళ్లిపోయింది. ఆ తుడవడం ఇప్పటికీ గుర్తుంది.

రోజంతా నాదే. పొద్దున లేచి కాగితాలు సర్దేవాణ్ణి. పెన్సిళ్లు చెక్కేవాణ్ణి. ఆ వేళకి వీధిలో పిల్లలు బడికి పోతుండేవాళ్లు, వాళ్లు కనపడకుండా పోయేదాకా రాయబుద్ధయ్యేది కాదు. పది గంటలకి ఒక పేరా రాసి, పదకొండుకి కొట్టేసేవాణ్ణి. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం స్నేహితులు వస్తే, రాసిందాన్ని గురించి కాక రాయబోయేదాన్ని గురించి చెప్పేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి నా దగ్గర యాభైకి పైగా మొదళ్లు ఉన్నాయి. ఒక్కదానికీ చివర లేదు. బడికి వెళ్లే రోజుల్లో, క్లాసులో పుస్తకం చాటున రాసుకున్న మూడు కథలు మాత్రం పూర్తయ్యాయి. ఇది గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. దొంగచాటుగా రాసినవి పూర్తయ్యాయి, తీరిగ్గా కూర్చుని రాసినవి కాలేదు.

ఖాళీ సమయం రాతకి సరుకు కాదు బాబూ. అది సంచి లాంటిది. అందులో వేసుకోవడానికి ఏమైనా ఉండాలి. పదిహేడేళ్లవాడికి ఆ సరుకు ఎక్కడ దొరుకుతుంది? తను ఎంచుకోని మనుషుల మధ్య. బడిలో నీ పక్కన కూర్చున్నవాణ్ణి నువ్వు ఎంచుకోలేదు. నీకు గిట్టని పంతులుని నువ్వు ఎంచుకోలేదు. ఇంట్లో కూర్చుంటే నీకు నచ్చినవాళ్లే నీ దగ్గరికి వస్తారు. వాళ్లందరూ అచ్చం నీలాగే మాట్లాడతారు, నీ కథలో పాత్రలన్నీ కూడా.

తర్వాత ఒక చిన్న ప్రెస్‌లో ప్రూఫులు చూసే పని దొరికింది. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు గ్యాలీ మీద, అంటే అచ్చుకి ముందు తీసిన కాగితం మీద, దిద్దాలి. ఒత్తు ఎగిరిపోయిందా, దీర్ఘం పడిందా, లైను మళ్లీ వచ్చిందా అని చూడటమే పని. ఒక రోజు ఎవరిదో కథలో 'కళే అతని జీవితం' అన్నచోట 'కలే అతని జీవితం' అని పడింది. ఎర్ర సిరాతో దిద్దబోయి ఆగాను. ఏది పెట్టినా వాక్యానికి ఏమీ కాలేదు. పక్కన అచ్చు అక్షరాలు పేర్చే ముసలి కంపోజిటర్ తొంగి చూసి, 'అక్షరం మారినా అర్థం మారలేదంటే అక్కడ అర్థం లేదన్నమాటేగా' అని తన పని తాను చేసుకున్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి నా యాభై మొదళ్లూ తీసి చూసుకున్నాను. సగానికి పైగా 'కళ'లే, లేదా 'కల'లే.

ఇప్పుడు నీ కథ. మొదటి రెండు పేజీల్లో ఒక ఒంటరి కవి వెన్నెల్లో నడుస్తుంటాడు, లోకం అతన్ని అర్థం చేసుకోదు. అక్కడ నువ్వు కళ అని రాసినచోటల్లా కల అని పెట్టి చదివి చూడు. మూడో పేజీ సగం నుంచి, ఎందుకో తెలీదు, నువ్వు కవిని వదిలేసి కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి వెళ్లావు. పిల్లలందరూ వెళ్లిపోయాక ల్యాబ్ అటెండర్ పగిలిన టెస్ట్ ట్యూబులు ఒక ట్రేలో వేసి లెక్కపెడుతుంటాడు. మూతి పగిలినవి ఒక పక్క, అడుగు పగిలినవి ఒక పక్క. మూతి పగిలినవాటిని పారేయడు, రంగు నీళ్లు పోసి కిటికీలో నిలబెడతాడు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటాడు. పన్నెండు లైన్లు, అంతే. ఆ పన్నెండు లైన్లలో ఒక్క అక్షరం కూడా మార్చడానికి లేదు. ఆ మనిషిని నువ్వు వెన్నెల్లో చూడలేదు, బడిలో చూశావు. బహుశా లెక్కల క్లాసు ఎగ్గొట్టి అక్కడ దాక్కున్నప్పుడు.

బడి నీకు కథలు రాయడం నేర్పుతుందని నేను అనను. నేర్పదు. కథ పంపితే మార్కుల లిస్టు జతచేయమని నన్ను ఏ ఎడిటరూ అడగలేదు, నిన్నూ అడగరు. కానీ కథ రాయని మిగతా గంటల్లో నీకు అన్నం పెట్టే ప్రతి పనీ అది అడుగుతుంది. దరఖాస్తులో 'విద్యార్హత' అన్న గడి దగ్గర గీత గీసి ఇచ్చిన రోజులు నాకున్నాయి. నా పక్కన పనిచేసినవాడికి ప్రమోషన్ వచ్చింది, నాకు రాలేదు. పని నాదే బావుండేది, అయినా ఆ గడి ఖాళీ. చివరికి ఇరవై ఏడో ఏట, నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని, నేను వదిలేసిన ఆ పరీక్షే రాశాను. నాలుగు నెలల్లో అయిపోయే పని పదేళ్లు వెనకేసుకు తిరిగాను.

రాతతో బతకడం అసలు కుదరదా అంటే, కొందరికి కుదురుతుంది, చాలా ఏళ్లకి. ఈలోగా పత్రిక జవాబు నెలల తరబడి రాదు, వచ్చినా 'తిరస్కరించడమైనది' అని వస్తుంది. ఎంత తలతిరిగిన రచయితైనా ఆ నెలల్లో అద్దె కట్టాలి. రష్యన్ కథకుడు చెహోవ్ వైద్యం చదువుతూనే హాస్యపత్రికలకి చిన్న కథలు రాసి ఇల్లు నడిపాడు, 1884లో డాక్టరయ్యాడు. మనుషుల్ని చూసే చూపుకి వైద్యమే పదును పెట్టిందని తర్వాత తనే రాసుకున్నాడు. రావిశాస్త్రిగారు వకీలు, ఆయన కథల్లోని మనుషులు కోర్టు మెట్ల మీద నుంచే నడిచొచ్చారు. కాళీపట్నం రామారావుగారు ఏం చెప్పేవారో తెలుసా? లెక్కలు. నీకు నిద్ర లేకుండా చేస్తున్న ఆ లెక్కలే బడిలో పిల్లలకి చెప్తూ అంత తక్కువ రాసి అంత గట్టిగా నిలబడ్డారు. అయితే ఉద్యోగం అందరికీ వరమేమీ కాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. జర్మన్‌లో రాసిన కాఫ్కా ప్రేగ్‌లో కార్మికుల ప్రమాద బీమా ఆఫీసులో చేస్తూ ఆ ఉద్యోగాన్ని తిట్టుకోని రోజు లేదనిపిస్తుంది. ఆఫీసు మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది, రాత్రులు రాసేవాడు. 1912 సెప్టెంబరులో ఒక రాత్రి పదింటికి కూర్చుని పొద్దున ఆరింటికి ఒక కథ పూర్తి చేసి లేచాడు. ఉద్యోగం లేకపోతే ఇంకెంత రాసేవాడో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేరు.

నన్ను అడిగావు కాబట్టి నా మాట ఇదీ: మానకు. ఇప్పుడు కాదు. నీకు మిగిలింది ఏడాదిన్నరే. ఈ ఏడాదిన్నరా రాయడం మాత్రం ఆపకు. బడికి వెళ్లే ముందు నలభై నిమిషాలు, ఫోన్ వేరే గదిలో పెట్టి, వంద రోజులు చేసి చూడు. కొత్త కథ మొదలుపెట్టాలని రోజూ అనిపిస్తుంది, పెట్టకు. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. బాగా రాకపోయినా చివరిదాకా వెళ్లు, చెత్త ముగింపు కూడా ముగింపే, దిద్దుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. వంద రోజుల్లో రెండు మూడు కథలు పూర్తయితే నాకు మళ్లీ రాయి, అప్పుడు ఇదే ప్రశ్న వేరేలా మాట్లాడుకుందాం. అప్పటికి నీ మనసు మారనూ వచ్చు, నా మనసే మారనూ వచ్చు. వంద రోజులు రోజుకి నలభై నిమిషాలు దొరకనివాడికి రోజంతా ఇచ్చినా ఏమవుతుందో నేను పైన చెప్పాను కదా.

ఇంట్లో మాత్రం ఇది దాచకు. 'చదువు మానేస్తాను' అని మొదలుపెట్టకు, ఆ మాట వినగానే వాళ్లకి మిగతాది వినపడదు. 'నేను రాస్తున్నాను, చదివి పెడతారా' అని ఒక కథ చేతిలో పెట్టు. ఆ కవి కథ వద్దు. ల్యాబ్‌ది పెట్టు.

దాని గురించే ఒక మాట అడగాలి. ఆ అటెండర్ టెస్ట్ ట్యూబులు లెక్కపెట్టి జేబులో పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడని రాసి వదిలేశావు. ఏం రాసుకున్నాడు? పగిలినవాటి లెక్కా? పగలగొట్టిన పిల్లల పేర్లా? ఆ డబ్బు ఎవరి జీతంలోంచి పోతుంది? నువ్వు చూడలేదా, చూసి రాయలేదా? సోమవారం ల్యాబ్ ఉంటే కాస్త వెనక ఆగి, అడిగి, నాకు రాయి.

ఉంటాను.